విలువైనవేవీ కారులో ఉంచరాదు!

శాన్‌ఫ్రాన్సిస్కో చూడబోయిన మనవాళ్లకు ఆ ఊరు చేసే మొదటి ఉపదేశం గోల్డెన్ గేట్ వంతెన గురించి కాదు, సముద్రం గురించీ కాదు. అద్దె కారు ఆపి దిగగానే ఎదురుగా ఒక బోర్డు: ‘విలువైనవేవీ కారులో ఉంచరాదు’. వంతెన కనబడే గుట్ట మీద అదే బోర్డు. ప్యాలెస్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ దగ్గర అదే బోర్డు. అలామో స్క్వేర్‌లో రంగురంగుల పాత ఇళ్లను ఫొటో తీయబోతే అక్కడా అదే హెచ్చరిక. బంగారం లాంటి మాటే, కాదనలేం. చిక్కల్లా ఒక్కటే. కారులో కాకపోతే మరెక్కడ ఉంచాలో మాత్రం ఆ బోర్డు చెప్పదు.

యాత్రికుడి దినచర్య చూడండి. హోటల్ వాడు పొద్దున పదకొండింటికల్లా గది ఖాళీ చేయమంటాడు. తర్వాతి ఊళ్లో హోటల్ వాడు మధ్యాహ్నం మూడు దాటితే గానీ గది ఇవ్వడు. విమానమా, రాత్రికి. ఈ మధ్య వేళలో ఆ దేశం మొత్తం మీద మనిషికి తనదనే చోటు ఏదైనా ఉందంటే అది కారు డిక్కీయే. ఇల్లూ అదే, బీరువా అదే, బ్యాంకు లాకరూ అదే. అత్తగారి పట్టుచీరలు, మామగారి బీపీ మాత్రలు, పిల్లల ఐప్యాడ్లు, అందరి పాస్‌పోర్టులు, విజయవాడలో తూకం వేయించి మరీ సర్దిన ఆవకాయ, అన్నీ అందులోనే. బోర్డు చదివిన అల్లుడు ఏం చేస్తాడు? “అత్తయ్యా, వీటిల్లో విలువ లేనిదేదో చెప్పండి, అది కారులో ఉంచుదాం” అంటాడు. ఆవిడ లెక్కలో అలాంటిది ఒక్కటీ ఉండదు. సామాను చుట్టిన ప్లాస్టిక్ కవర్లు కూడా మళ్లీ పనికొస్తాయని దాచుకున్నవే.

ఇక అవతలి పక్షం వారి సంగతి. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసు లెక్కల్లోకి ఎక్కిన కార్లలోని సామాన్ల చోరీలు 31 వేలు దాటాయి. అంటే రోజుకు దాదాపు 85. ఆదివారం లేదు, పండగ లేదు, సమ్మె లేదు. ఇంత క్రమశిక్షణగా నడిచే ప్రభుత్వ శాఖ ఏ దేశంలోనూ కనబడదు. అరెస్టులంటారా, ఆ ఏడాది వంద కేసులకు రెండు కూడా లేవు. ఉద్యోగ భద్రత అంటే అదీ.

పెట్టుబడి కూడా స్వల్పం. పాత స్పార్క్ ప్లగ్ పగలగొడితే వచ్చే పింగాణీ ముక్క చాలు. కారు ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ అతికించి చేసింది కాబట్టి పగిలినా ఊడిరాదు. వాళ్లకది తెలుసు, దాని జోలికి పోరు. పక్క అద్దాలు గట్టి గాజువే అయినా, గాజు కంటే గట్టిదైన పింగాణీ మొన తగిలితే చాలు, పెద్ద చప్పుడు కూడా లేకుండా చిన్న చిన్న పలుకులైపోతాయి. తరచూ వెనక మూల ఉన్న చిన్న అద్దాన్నే పగలగొడతారు. అందులోంచి చెయ్యి పెట్టి, వెనక సీటు వీపు ముందుకు వాల్చి, టార్చి వేసి డిక్కీలోకి చూస్తారు. ఏమీ లేకపోతే పక్క కారుకి వెళ్తారు. డిక్కీలో దాచాం కదా, ఎవరికీ కనబడదు కదా అనుకునే మన గడుసుతనం ఆ సీటు వీపు నిలబడ్డంతసేపే.

ఈ వృత్తిలో కులం, హోదా, పార్టీ పట్టింపులు లేకపోవడం మెచ్చుకోవలసిన విషయం. 2019 ఆగస్టులో బేస్‌బాల్ దిగ్గజం అలెక్స్ రోడ్రిగ్జ్ మ్యాచ్ వ్యాఖ్యానానికి ఆ ఊరు వచ్చి, అద్దె కారులో ఉంచిన సామాను పోగొట్టుకున్నాడు. 2023 మార్చిలో సీఎన్‌ఎన్ బృందమొకటి ఊళ్లో నేరాల మీద జనం గోడు గురించి ఇంటర్వ్యూ చేయడానికి సిటీ హాల్‌కి వెళ్లింది. ముందుజాగ్రత్తగా కార్ల దగ్గర సెక్యూరిటీ మనిషిని కూడా పెట్టుకుంది. అయినా అద్దం పగిలింది, సంచులు పోయాయి. పట్టిన సమయం నాలుగు సెకన్ల లోపు. కథ కోసం వెళ్లినవాళ్లే కథయ్యారు. ఏడాది తిరగ్గానే 2024 ఏప్రిల్‌లో సెనేట్‌కు పోటీ చేస్తున్న ఆడమ్ షిఫ్ వంతు వచ్చింది. గ్యారేజీలో ఆపిన కారులోంచి ఆయన పెట్టెలు మాయమయ్యాయి. సూటు కూడా వాటిలోనే ఉండిపోవడంతో, ఆ రాత్రి అందరూ సూట్లతో వచ్చిన విందులో ఆయన చొక్కా మీద హైకింగ్ వెస్ట్‌తోనే నిలబడి మాట్లాడాడు. ఒకప్పుడు ఆయన ఫెడరల్ ప్రాసిక్యూటర్ కూడా. మాజీ ప్రాసిక్యూటర్‌కే కోటు దక్కనిచోట మన మామగారి శాలువా ఎంత?

అది అద్దె కారని దొంగకి ఎలా తెలుస్తుందంటారా? మనమే చెబుతాం. అద్దం మీద కంపెనీ అంటించిన బార్‌కోడ్ చీటీ. సీటు మీద విమానాశ్రయం ట్యాగులు ఊడని సంచీ. ఇవి చాలవన్నట్టు, కొన్నాళ్లు ఫ్లోరిడా ప్రభుత్వం తనవంతు సాయం కూడా చేసింది. అద్దె కార్ల నంబర్లన్నీ వై, జెడ్ అక్షరాలతో మొదలయ్యేలా కేటాయించింది. ప్లేటు చూస్తే చాలు, లోపలున్నది పర్యాటకుడని తెలిసిపోయేది. 1990ల మొదట్లో అక్కడ విదేశీ యాత్రికుల మీద వరసగా దాడులు, హత్యలు జరిగాక గానీ ఆ పద్ధతి మానుకోలేదు.

మనం నవ్వాల్సిన పనిలేదు. మన దేశంలో ఎవరికి వారు నడుపుకునేలా అద్దెకిచ్చే కార్లకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలన్నది నిబంధన. ఫ్లోరిడాలో దొంగకి కనీసం అక్షరాలు చదవడం రావాలి. ఇక్కడ అదీ అక్కర్లేదు, రంగు తెలిస్తే చాలు. హైదరాబాద్ నుంచి గోవాకో అరకుకో నల్ల ప్లేటు కారేసుకుని వెళ్లే కుర్రాళ్లు, వచ్చింది ఊరికి కొత్తవాళ్లు, డిక్కీలో బట్టలూ లాప్‌టాపులూ ఉన్నాయి అన్న ప్రకటనను ముందొకటి వెనకొకటి తగిలించుకునే తిరుగుతారు.

అద్దం పగిలాక అసలు తీర్థయాత్ర మొదలవుతుంది. మొదటి మజిలీ కారు అద్దెకిచ్చిన కంపెనీ. కారు తీసుకునేటప్పుడు కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ, “పూర్తి రక్షణ తీసుకుంటారా సార్?” అని అడుగుతుంది. రోజుకు ఇన్ని డాలర్లని కట్టి, అల్లుడు గుండె మీద చెయ్యేసుకుంటాడు. తీరా చూస్తే ఆ రక్షణ కారుకి. కారులోని పెట్టెకి కాదు. పెట్టెకి వేరే బీమా, దానికి వేరే డబ్బు, దానికో పరిమితి. క్రెడిట్ కార్డు ఇచ్చే అద్దె కారు బీమా కూడా చాలావరకు కారు గాయాలకే మందు రాస్తుంది. ఇక ఆ రక్షణ వద్దనుకున్నవాడైతే అద్దం ఖర్చు తనే భరించాలి. ఆ అద్దం వేసేదాకా కారు ఖాళీగా ఉన్న రోజుల అద్దెను కూడా కొన్ని చోట్ల కంపెనీలు వసూలు చేస్తాయి. కారుకి విశ్రాంతి భత్యం ఉంది, మనిషికి లేదు.

రెండో మజిలీ పోలీసులు. స్టేషన్‌కి పరుగెత్తుతాం, అక్కడి ఎస్సైగారు జీపేసుకుని వస్తారు అనుకుంటే మీరు సినిమాలు ఎక్కువ చూస్తున్నారన్నమాట. ఇంటర్నెట్లో ఫారం నింపుకోవచ్చు. నంబరు వస్తుంది. ఆ నంబరు ప్రధానంగా బీమా వాడికి చూపించుకోవడానికి. ఆ కాగితం పుట్టుకలోనే దొంగ ప్రస్తావన పెద్దగా లేదు.

మూడో మజిలీ, పాస్‌పోర్టు కూడా పోయినవాళ్లకి. పోలీసు రిపోర్టు పట్టుకుని భారత కాన్సులేట్ తలుపు తట్టాలి. వెంటనే ఇంటికి పోవాలంటే ఇండియాకి ఒకవైపు ప్రయాణానికే పనికొచ్చే అత్యవసర ధ్రువపత్రం తీసుకోవాలి, లేదా కొత్త పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టాలి. పాత పాస్‌పోర్టులోని వీసా దానితోపాటే పోయింది కాబట్టి మళ్లీ అమెరికా రావాలంటే మళ్లీ వీసా ముద్ర. చిలుకూరు బాలాజీ చుట్టూ అన్ని ప్రదక్షిణలు చేసి సంపాదించుకున్నది నాలుగు సెకన్లలో పోయిందన్నమాట.

దొంగ దొరికినా చట్టం చూడండి. 2024 దాకా కాలిఫోర్నియాలో కారులోంచి చేసిన చోరీని బర్గ్లరీ కింద నిరూపించాలంటే తలుపులకు తాళం పడి ఉందని కోర్టులో తేల్చాల్సి వచ్చేది. నేలంతా గాజు పలుకులున్నాయి కదా అంటే చాలేది కాదు. తాళం వేశానని చెప్పాల్సింది కారు వాడినవాడు. ఆయన అప్పటికే సెలవు అయిపోయి ఏ రాజమండ్రిలోనో ఉండేవాడు. సాక్ష్యానికి తిరిగి రావాలంటే విమానం టికెట్టు పోయిన పెట్టె కంటే ఖరీదు. ఈ సందు మూయాలని రాష్ట్ర సెనేటర్ స్కాట్ వీనర్ బిల్లు పెడితే ముందు ప్రయత్నాలు కమిటీల్లోనే ఆగిపోయాయి. చివరికి 2024 ఆగస్టులో గవర్నర్ సంతకం పడింది. తాళం సంగతి తేల్చుకోవడానికి శాసనకర్తలకు ఏళ్లు పట్టింది. అద్దం సంగతి తేల్చుకోవడానికి దొంగలకు సెకన్లే పట్టేది.

జనం మాత్రం తమ దారి తాము చూసుకున్నారు. 2021 చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లండ్‌లలో కొందరు కారు డిక్కీ బార్లా తెరిచిపెట్టి వెళ్లడం మొదలుపెట్టారు. లోపల ఏమీ లేదు, చూసుకోండి, దయచేసి అద్దం మాత్రం పగలగొట్టకండి అని. దొంగకి స్వాగత ద్వారం కట్టి, అద్దానికి ప్రాణభిక్ష అడగడం. ఓక్లండ్ విమానాశ్రయం దారిలో ఉన్న ఇన్ అండ్ అవుట్ బర్గర్ వాళ్లైతే 2024 మార్చిలో దుకాణమే మూసేశారు. వ్యాపారం బాగా లేక కాదు. తినడానికి వచ్చినవాళ్ల కార్లు పగిలిపోతున్నాయని, దొంగతనాలూ దోపిడీలూ ఆగడం లేదని. కంపెనీ చరిత్రలో మూసేసిన మొదటి దుకాణం అదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇందులో ఎవరికీ బాధ్యత లేదు. నగరపాలక సంస్థ బోర్డు పెట్టింది. కంపెనీ ఒప్పంద పత్రంలో చిన్నక్షరాల్లో రాసింది. బీమా వాడు మినహాయింపుల్లో చేర్చాడు. పోలీసు నంబరిచ్చాడు. అందరూ తమ పని పూర్తి చేశారు. మిగిలిన తప్పంతా పెట్టె తెచ్చుకున్నవాడిదే. మన మాల్‌లో ఇచ్చే పార్కింగ్ చీటీ వెనకాలా ఇదే వేదాంతం: ‘వాహనానికి, అందులోని వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు’. మరి డబ్బు దేనికి తీసుకున్నట్టు? నేల మీద నిలబడినందుకు. మన సుప్రీంకోర్టు 2019 నవంబరులో ఒక హోటల్ కేసులో తాళం చెవి వ్యాలెట్ చేతిలో పెట్టాక ‘యజమాని స్వంత బాధ్యత’ అని చీటీ మీద రాసుకున్నంత మాత్రాన హోటల్ తప్పించుకోలేదని చెప్పింది. అది కారు పోయిన కేసు. డిక్కీలోని పెట్టె ఇంకా తన తీర్పు కోసం ఎదురుచూస్తూనే ఉంది.

బోర్డుకు బదులు కౌంటర్ పెట్టిన చోటు ఒకటుంది. తిరుమలకు నడిచి వెళ్లే భక్తుడు అలిపిరిలో సామాను అప్పగిస్తే, దేవస్థానం వాళ్లు రసీదు ఇచ్చి పైసా తీసుకోకుండా కొండ మీదికి చేరుస్తారు. ‘సామాను తేవద్దు’ అనలేదు, ‘ఇక్కడివ్వండి’ అన్నారు. చంద్రుడి మీదికి మనిషిని పంపిన దేశానికి తన అందమైన ఊళ్లో ఆ కౌంటర్ పెట్టడం చేతకాక కాదు, బోర్డు చవక కాబట్టి.

దొంగతనం విధిరాత కాదని కూడా శాన్‌ఫ్రాన్సిస్కోనే రుజువు చేసింది. నంబర్ ప్లేట్లు చదివే కెమెరాలు 400 దాకా పెట్టి, ఎర కార్లు నిలబెట్టి, అరెస్టులు మొదలుపెట్టాక 2024లో ఈ చోరీలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే సగానికి పైగా తగ్గాయి. బోర్డులు అంతకుముందూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. తగ్గించింది బోర్డు కాదు, పని.

ఆ పని అన్ని ఊళ్లలో జరిగేదాకా ఈ వేసవికి బయల్దేరేవాళ్లు కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోండి. గది ఖాళీ చేశాక పెట్టెల్ని హోటల్ వాళ్లకే అప్పగించండి, చాలా హోటళ్లు సాయంత్రం దాకా ఉంచుతాయి, చీటీ మాత్రం అడిగి తీసుకోండి. విమానం దిగి నేరుగా ఊరు చూడబోకండి, ముందు సామాను ఎక్కడైనా దించండి. డిక్కీలో పెట్టక తప్పదంటే బయల్దేరిన చోటే పెట్టండి, చూడబోయే చోట దిగి అందరి ముందూ డిక్కీ తెరిచి సర్దకండి. పాస్‌పోర్టులు, మందులు, నగలు ఒంటి మీదే ఉండాలి. “మీరు చూసి రండి, నేను కారులో కూర్చుంటా” అనే మామగారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆయన అంత దూరం వచ్చింది ఆవకాయకి కాపలా కాయడానికి కాదు.