“యా ఊరప్పా మీది?”: టీకా తాత్పర్య సహితము

మూలము:
“యా ఊరప్పా మీది? మీరేంటోళ్లు?”

(శింగనమల బస్టాండు, టీ అంగడి బెంచీ. కర్త ఒకరు కారు. బెంచీ మీద ఎవరు కూర్చుంటే వారే.)

అవతారిక. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని కొలచల మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. కాళిదాసుకు వ్యాఖ్య రాసేవాడికి ఆ ఒట్టు చెల్లుతుంది. టీ అంగడి మాటకు వ్యాఖ్య రాసేవాడు పెట్టుకుంటే రెండో పంక్తికే కలం మూసుకోవాలి. అందుకని నేను పెట్టుకోలేదు.

సందర్భం ఇది. పరదేశం నుంచి వచ్చిన పత్రికవాడు, పడుచువాడు, అందులోనూ యూదుడు, భుజాన సంచీతో మా ఊళ్లో ఎర్రబస్సు దిగాడనుకుందాం. అతను నోరు తెరవకముందే అతని మీద పడే వాక్యం పైది. ప్రశ్నలు అడగడమే బతుకుగా వచ్చినవాడికి మొదటి ప్రశ్న మనం వేస్తాం. ఇది మా మర్యాద.

ప్రతిపదార్థము. యా = ఏ. ఈ సీమ ఎండకు అక్షరం కూడా నోరు తెరుచుకుంటుంది. ఈ “యా” వల్ల పరదేశికి ఒక గండముంది. మా జిల్లాలో యాడికి అని ఒక ఊరుంది. కండక్టరు “యాడికి?” అంటే, అక్కడికి పోయేవాడు “యాడికి” అనే జవాబు చెబుతాడు. వెనక సీట్లో కూర్చుని నోటు పుస్తకంలో రాసుకునే విలేఖరి దీన్ని వెక్కిరింత అనుకోకూడదు. టికెట్టు తెగింది, అంతే.

ఊరు = పుట్టిన చోటు. దేశమని అర్థం చెప్పరాదు. వియన్నా అన్నా ఊరే, బుక్కరాయసముద్రం అన్నా ఊరే. అప్పా = సంబోధన. తండ్రి అనే అర్థం ఎప్పుడో అరిగిపోయింది. గడ్డం రాని కుర్రాడినీ అంటారు. మీది = గౌరవ బహువచనం. చొక్కా ఇస్త్రీ నలగనంతవరకే; మధ్యాహ్నం దుమ్ము పట్టాక “నీది” అని పాఠాంతరం.

ఇక అసలు పదం ఏంటోళ్లు. ఏమిటి, వాళ్లు అని పదవిభాగం. “ఎవరు” అని అడిగితే మనిషి తన పేరు చెప్పి బయటపడతాడు. ఇక్కడ అడిగింది “ఏమిటి” అని. వస్తువును అడిగినట్టు. కనుక జవాబుగా పేరు చాలదు, కులం కావాలి. ఈ వాక్యంలో తీపి అంతా “అప్పా”లో ఉంది, ముల్లు ఈ పదంలో ఉంది. రెండూ ఒకే గుక్కలో వస్తాయి కాబట్టి ముల్లు గుచ్చుకున్న సంగతి, గుచ్చుకున్నవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

శంక: పడుచు విలేఖరి “యూదులం” అంటే? సమాధానం: ఏమీ కాదు. బైబిలు చదివే ఇళ్లు ఎక్కడ లేవు? అబ్రాహాములు, దావీదులు మన ఓటరు జాబితాల్లోనే ఉంటారు. ముసలాయన “ఓ, ఏసుసామి కులపోళ్లా!” అని తేల్చేసి టీ చెబుతాడు. పైగా ఆ జవాబు తెలుగులో వినబడని జవాబేమీ కాదు. గుంటూరు సీమలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీములని, యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి.

ఉదాహరణము. లియొపోల్డ్ వైస్ అనేవాడు 1900లో పుట్టాడు, యూదు రబ్బీ గారి మనవడు. పద్నాలుగేళ్లకే బడి ఎగ్గొట్టి, దొంగపేరు చెప్పి ఆస్ట్రియా సైన్యంలో చేరాడు. తండ్రి వెతికించి వెనక్కి తెచ్చుకున్నాడు. “మీరేంటోళ్లు” అన్న ప్రశ్నకు అబద్ధం చెప్పడం అప్పుడే మొదలన్నమాట. 1921లో బెర్లినులో ఒక వార్తాసంస్థలో టెలిఫోను దగ్గర కూర్చునే చిన్న ఉద్యోగం. అప్పుడు రష్యాలో కరువు. సాయం అడగడానికి మక్సీం గోర్కీ భార్య గుట్టుగా బెర్లిను వచ్చి హోటల్లో దిగిందని ఇతనికి ఉప్పందింది. పోయి కలిశాడు, వార్త రాశాడు, టెలిఫోను వదిలి విలేఖరి అయ్యాడు. పరాయి దేశపు కరువు పత్రికవాడికి పంటవడం అనంతపురంవాళ్లకు కొత్త సంగతి కాదు. ఏటా 550 మిల్లీమీటర్ల వాన మీద శెనక్కాయ వేసి ఆకాశం చూసేవాళ్లం. మా కరువు మీద ఎంతమంది పైకొచ్చారో మాకు తెలుసు.

1922లో ఇతను జెరూసలేముకు బయల్దేరాడు. సినాయి ఎడారి రైల్లో ఎదురుగా ఒక బెదూయీను. ఏదో స్టేషనులో రొట్టె కొని, కూర్చోబోతూ ఇతన్ని చూసి, మాట్లాడకుండా సగం విరిచి చేతిలో పెట్టాడు. యా ఊరు లేదు, ఏంటోళ్లు లేదు. “ద రోడ్ టు మెక్కా” అని 1954లో రాసిన పుస్తకంలో ఆ రొట్టెముక్కను అతను మరిచిపోలేదు. మా ధర్మవరం రైల్లోనైతే బొరుగులు చేతిలో పోస్తారు, కానీ ముందు వంశవృక్షం అడుగుతారు.

1926లో ఇస్లాం తీసుకుని ముహమ్మద్ అసద్ అయ్యాడు. అసద్ అంటే సింహం. లియొపోల్డులోని “లియో”కు అరబ్బీ చేశాడు. ఇక్కడ విశేషము: శింగనమలలోని “శింగ”ను సింగం అని విడదీస్తే అసద్ మా ఊరివాడే అవుతాడు. వ్యాఖ్యాతలు ఇంతకంటే బలహీనమైన ఆధారాలతో ఇంతకంటే పెద్ద సంగతులు స్థాపించారు. తరవాత నిజంగానే మనవైపు వచ్చాడు. మార్మడ్యూక్ పిక్తాల్ పోయాక హైదరాబాదు “ఇస్లామిక్ కల్చర్” పత్రికకు సంపాదకుడయ్యాడు. 1939లో యుద్ధం వచ్చింది. ఈసారి ప్రశ్న వేసింది ఇంగ్లీషు ప్రభుత్వం, జవాబు చెప్పింది కాగితం: శత్రుదేశస్థుడు. యూరపులో తండ్రిని నాజీలు పట్టుకుపోతూంటే, ఇక్కడ కొడుకును నాజీ దేశంవాడని 1945 దాకా నిర్బంధంలో ఉంచారు. ఇది హాస్యానికి రసభంగమే. అయినా దాటవేయలేను.

ప్రత్యుదాహరణము. ఎగాన్ ఎర్విన్ కిష్, ప్రాగు యూదుడు, విలేఖరి. 1934లో ఆస్ట్రేలియా పోతే దిగనివ్వలేదు. మెల్బోర్నులో ఓడమీంచి రేవుగట్టు మీదికి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. వయసు 49, పడుచువాడనే లక్షణానికి ఇది అవ్యాప్తి అంటారేమో, ఆ దూకుడు చూశాక అనరు. వాళ్ల చట్టంలో ఒక మెలిక ఉండేది: వచ్చినవాడికి ఏదైనా ఐరోపా భాషలో చెప్పింది రాసే పరీక్ష పెట్టొచ్చు. ఇతనికి చాలా భాషలు వచ్చునని, స్కాట్లండు గేలిక్‌లో పెట్టారు. తప్పాడు. గొడవ హైకోర్టుకు పోయింది. పరీక్ష పెట్టిన పోలీసే దానికి సరైన అర్థం చెప్పలేకపోయాడు. (మా వ్యాఖ్యాతల కులానికి ఈ పోలీసే కూటస్థుడు.) గేలిక్‌ను ఆ చట్టం అర్థంలో ఐరోపా భాషగా లెక్కించలేమని కోర్టు తేల్చి కిష్‌ను వదిలింది. బెదూయీను రొట్టె పెట్టి ప్రశ్న వేయలేదు. ఆస్ట్రేలియా ప్రశ్న వేసి రొట్టె పెట్టలేదు. మా బెంచీ రెండూ పెడుతుంది.

శంక: ఇంతకీ మీ జిల్లాకు పరదేశపు పడుచు విలేఖరి వచ్చిందెప్పుడు? సమాధానం: 1969లో. యూదు కాదు, ఇంగ్లీషు అమ్మాయి ఆన్ పెర్రీ. బొంబాయిలో “కరెంట్” పత్రికలో పనిచేస్తూ, దేశం విడిచి పొమ్మని సర్కారు చెప్పిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్‌ను ప్రశ్నలడగడానికి పోయింది. ప్రశ్నలు అయిపోయాయి, ఉద్యోగం కూడా వదిలేసింది. ఆయనతో అనంతపురం వచ్చి, ఆయన పెట్టిన ఆర్డీటీ సేవాసంస్థ పనిలో దిగి, మరుసటేడు ఆయన్నే పెళ్లాడింది. లక్షణానికి అతివ్యాప్తి దోషం వచ్చినా లెక్కచేయను. “యా ఊరు” అంటే అనంతపురమని చెప్పగల ఒకే ఒక విలాయతీ విలేఖరిని వదులుకునే వ్యాఖ్యాత ఎవడు?

స్థలపురాణము. మా ఊరి పేరు ఋష్యశృంగుడి వల్ల వచ్చిందని పెద్దల మాట. అంగదేశంలో వానలు లేక, ఆ మునికుమారుడు అడుగుపెడితే కురుస్తాయని, రోమపాదుడు వేశ్యలను పంపాడు. అడివిలో తండ్రిని తప్ప మరో మనిషిని చూడనివాడిని వాళ్లు మొదట అడిగిందేమిటి? నువ్వెవరివని. అతను చెప్పాడు, కందమూలాలు పెట్టాడు. వాళ్లు మోదకాలు పెట్టారు, పండ్లనుకుని తిన్నాడు. ప్రశ్న, ఆపైన ఫలహారం: మా బెంచీ సంప్రదాయం అంత పాతది. అంగదేశంలో వాన పడింది. మా చెరువు ఇంకా ఎదురుచూస్తోంది.

ప్రయోగము. ఈ కాలంలో విలేఖరులు మా ఊరికి వానలకంటే నిక్కచ్చిగా, అయిదేళ్లకోసారి వస్తారు. శింగనమల గెలిచినవాళ్లదే రాష్ట్రమని ఒక నమ్మకం. 2004, 2009లో కాంగ్రెసు; 2014లో తెలుగుదేశం; 2019లో వైఎస్సార్ కాంగ్రెసు; 2024లో మళ్లీ తెలుగుదేశం. ఏసారీ తప్పలేదు. అందుకని మైకు పట్టుకుని నేరుగా టీ అంగడికే వస్తారు.

“పెద్దాయనా, ఈసారి ఎవరు గెలుస్తారు?”

పెద్దాయన గ్లాసు కింద పెడతాడు. ఉగ్గాని పొట్లం పక్కకు జరిపి బెంచీ మీద చోటు చేస్తాడు.

“అది చెప్తా గానీ, కూచో. యా ఊరప్పా మీది?”