గోడ మీది, బూజు మాత్రం మాదట!

మహారాజశ్రీ ఇంటి ఓనరు మామగారి దివ్యసముఖమునకు, గుడియాత్తంలో తమ కింది పోర్షన్‌లో అద్దెకుంటున్న పిల్ల నమస్కరించి చేసుకునే విన్నపములు. ఉభయకుశలోపరి. అనగా వేలూరులో తమరు కుశలం, ఇక్కడ బూజు కుశలం.

ఈ ఉదయం తమరు వాట్సాప్‌లో దయచేసిన శ్రీముఖం అందింది. ఇల్లు ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో 18,000 రూపాయలు పెయింటింగు ఖర్చు కింద పట్టుకుంటామన్నారు. వంటగది గోడ నల్లబడటానికి మా అజాగ్రత్తే కారణమన్నారు. కిటికీలు మూసుకుని వండుతామట, తడిబట్టలు ఇంట్లో ఆరేస్తామట. చివర్లో దండం పెడుతున్న చేతుల బొమ్మ కూడా పెట్టారు. ఆ మర్యాదకు నా కళ్ళు చెమర్చాయి. గోడ అంతకుముందే చెమర్చి ఉంది.

తడిబట్టలు ఇంట్లో ఎందుకు ఆరేస్తున్నాం మామా? మిద్దె తలుపుకు తాళమేసిందెవరు? "పైన తిరిగితే స్లాబు పాడవుతుందమ్మా" అని తాళంచెవి జేబులో వేసుకుని వేలూరు బస్సెక్కింది ఎవరు? ఐప్పసి నెల మొదలుకుని కార్తీకం వెళ్ళేదాకా ముసురు. నలుగురి బట్టలు నేనెక్కడ ఆరేయాలి, ఏటి గట్టునా? ఇక కిటికీ సంగతి. వంటింటికి ఉన్నది ఒక్కటే కిటికీ. అది తెరుచుకునేది పక్కింటి ప్రహరీలోకి, జానెడు సందులోకి. ఆ సందులో గాలి ఎప్పుడైనా ఆడిందేమో ఆ ప్రహరీనే అడగాలి.

కోపం వచ్చింది, క్షమించాలి. మర్యాదగానే రాద్దామని కూర్చున్నాను.

ఫోన్లో తమరు సెలవిచ్చిన ఇంకో మాట ఉంది. "వేలూరు సీమ ఎండల సీమ, ఇక్కడ నెమ్మేందమ్మా, మీరు తెచ్చుకున్నదే" అన్నారు. దేవుడు లేని గుడి, రాజు లేని కోట, నీళ్ళు లేని ఏరు అని వేలూరును ఆడిపోసుకునే సామెత ఆధారంగా గోడలు కట్టించారు కాబోలు. మామా, కోటలో గుడికి దేవుడు 1981లోనే తిరిగి వచ్చాడు. సత్తువాచారి గుడిలో ఉంచిన జలకంఠేశ్వరుణ్ణి తెచ్చి మళ్ళీ ప్రతిష్ఠించారు. పాలారుకు నీళ్ళు 2021 నవంబరులో ఎలా వచ్చాయో తమరే వీడియోలు పంపారు. అదే నెల మోర్ధానా డ్యాం పొంగి, మన పలమనేరు వైపు నుంచి దిగే కౌండిన్య నది గుడియాత్తం నడిబొడ్డున ఇళ్ళలోకి వచ్చింది. పక్కనే పేర్ణంబట్టులో ఆ 19వ తేదీన వానకు నానిన ఇల్లు కూలి 9 మంది పోయారు, అందులో నలుగురు పిల్లలు. ఎండల సీమేనండీ, కాదనను. కత్తిరి ఎండల్లో మాడి పగుళ్ళిచ్చిన గోడే తుపానుకు నీళ్ళు తాగేది.

పైగా ఈ గోడ మొదట ఇలాంటిది కాదు. మీ నాన్నగారు 1954 ఉప ఎన్నికలో కామరాజుకు ఓటేసింది ఈ ఇంటి నుంచేనని మీరే గొప్పగా చెప్పారు. ఆ కాలపు గోడ, సున్నం గచ్చు. సున్నం క్షారం, దాని మీద బూజు అంత సులువుగా లేవదు. వానకు తాగిన తడిని ఎండకు వదిలేస్తుంది. ఏటా సంక్రాంతికి ఒక పూత కొట్టించి ఉంటే ఆ గోడ మీ మనవడి ఓటు దాకా నిలిచేది. మమ్మల్ని దింపే ముందు దాన్ని గీకించి, పుట్టీ పెట్టించి, మెరిసే ప్లాస్టిక్ పెయింటు కొట్టించి, "కొత్తిల్లు లాగుంది చూడు" అని అద్దె పెంచారు. గోడలో తడి లోపలే ఉండిపోయింది. ఇప్పుడు పెయింటు బుడగలు కట్టి, వేలితో నొక్కితే లోపల నీళ్ళు కదులుతున్నాయి.

క్యాలెండర్ తీసి చూడండి, చాలు. దాని వెనక గోడ మీద నల్లటి చుక్కలు గుండ్రంగా, మధ్యలో ముదురు, అంచున ఆకుపచ్చ. బీరువాలో మా అత్తగారి పట్టుచీర జరీ పొడుగునా బూడిదరంగు మచ్చలు. అంబూరులో కొన్న తోలు చెప్పులకు పిల్లికూన బొచ్చులా తెల్లగా మొలిచింది. అగ్గిపెట్టెల ఊళ్ళో కాపురముండి అగ్గిపుల్ల వెలగక లైటర్ కొనుక్కున్నదాన్ని నేనే.

నా మాట మీద నమ్మకం లేదన్నారు కాబట్టి పరీక్ష చేశాను. చీర కవరు కత్తిరించి, గోడకు నాలుగు పక్కలా టేపుతో అంటించాను. వంటావిరి నేరమైతే కవరుకు ఇవతల పక్క, అంటే గది వైపు తడి పట్టాలి. మర్నాటికి ఇవతల పక్క పొడిగా ఉంది. అవతల, గోడ వైపు, చెమట బొట్లు. నీళ్ళు మీ గోడలోంచి వస్తున్నాయి మామా, నా సాంబారులోంచి కాదు. మేస్త్రీని పిలిపించి గోడ తట్టించి చూస్తే సరిగ్గా పై పోర్షన్ బాత్రూం పైపు దిగే చోట డొల్ల పలికింది. నేల నెమ్మయితే కింది నుంచి ఎక్కుతుంది, ఉప్పు పూస్తుంది. ఇది పై నుంచి దిగుతోంది. మేస్త్రీ కూలి నేనే ఇచ్చాను, అది కూడా అడ్వాన్సులో కలుపుకోండి.

మీ మేనల్లుడు వచ్చి ఇచ్చిన సలహా మాత్రం మరిచిపోలేను. బ్లీచింగు పౌడరులో బాత్రూం యాసిడ్ కలిపి గోడకు కొట్టమన్నాడు. ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్. 1915లో జర్మన్లు ఈప్ర్ దగ్గర శత్రు సైనికుల మీద వదిలింది అదే. అద్దె ఒకటో తేదీకి కాక మూడో తేదీకి ఇచ్చినందుకు అంత శిక్షా?

ఇంకొకటి. ఇంటి కరెంటు కనెక్షనుకు రెండు నెలలకు 100 యూనిట్లు సర్కారు ఉచితంగా ఇస్తుంది. మా దగ్గర మొదటి యూనిట్ నుంచే వసూలు. మోటారు రోజుకు అరగంట. రాత్రి పదికి గేటు బందు. ఇవన్నీ ఓర్చుకున్నాం, మనవాళ్ళు, తెలుగు మాట్లాడే ఇల్లు అని. "మనవాళ్ళు కదా" అనే మాట అద్దె తగ్గించమన్నప్పుడు మీకెందుకు గుర్తుండదో తెలియదు. అడ్వాన్సు పది నెలలది తీసుకున్నారు. తమిళనాడు అద్దె చట్టం 2017లో చేశారు, 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. అది మూడు నెలలది చాలంటుంది, ఆ లెక్క ఇప్పుడు తీయను. కానీ గోడలకు సున్నం వేయించడం, అవసరమైతే పైపులు మార్చడం ఓనరు వంతు అని అదే చట్టం వెనక పట్టికలో ఉంది. అద్దెకున్నవాళ్ళ ఆవిరి గురించి అందులో ఒక్క ముక్క లేదు.

మీవాడు ఇంగ్లండులో ఉన్నాడు కదా, కనుక్కోండి. రాచ్‌డేల్ అనే ఊళ్ళో అవాబ్ ఇషాక్ అని రెండేళ్ళ పిల్లాడు 2020 డిసెంబరులో చనిపోయాడు. వాళ్ళ ఫ్లాటు నిండా బూజు. తండ్రి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా, మీరు బతికే తీరే అంత అన్నట్టు మాట్లాడింది ఇల్లిచ్చిన సంస్థ. 2022 నవంబరులో విచారణాధికారి తేల్చింది, పిల్లాడి ఊపిరి పోయింది ఇంట్లోని బూజు వల్లేనని. ఆ పిల్లాడి పేరుతో అక్కడ చట్టం వచ్చింది, 2025 అక్టోబరు నుంచి అమలవుతోంది. ఫిర్యాదు అందితే అలా ఇల్లిచ్చిన సంస్థ గడువులోపు వచ్చి చూడాలి, బాగుచేయాలి. చెమ్మ ఇళ్ళలో ఉబ్బసం, ఆయాసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. తుడిచి, రంగేసి దాచేది కాదు, ముందు నీళ్ళు ఆపండి అన్నదే దాని మాట కూడా.

మామా, ఇక ఎగతాళి చాతకావడం లేదు. చిన్నవాడికి రాత్రిళ్ళు పిల్లికూతలు. వాణ్ణి కూర్చోబెట్టి, ముక్కుకు నెబ్యులైజర్ పెట్టి, ఆ గోడకేసి చూస్తూ తెల్లారబెడుతున్నాను. వంటింటికి దూరంగా ముందు గదిలో పడుకోబెట్టినా ముక్క వాసన వస్తూనే ఉంది. డాక్టరమ్మ మందు రాసి, "ఇంట్లో చెమ్మ ఉందా?" అని అడిగింది. ఉందని చెప్పాను. ఇల్లు మారమంది. స్కూలు మధ్యలో ఎక్కడికి మారను? మారితే మీరిచ్చే అడ్వాన్సులో 18,000 తక్కువ.

డబ్బు పట్టుకోండి, దాని గురించి మళ్ళీ అడగను. ఆ పైపు ఒక్కటి మార్పించండి. పుట్టీ గీకించి గోడను నాలుగు వారాలు ఆరనివ్వండి, ఆ తర్వాత సున్నమే కొట్టించండి, పెయింటు వద్దు. ప్లంబరు కూలిలో సగం నేను ఇస్తాను, మొత్తమయినా ఇస్తాను. ఈలోగా మిద్దె తాళంచెవి పై పోర్షన్ అవ్వ దగ్గర ఇచ్చిపోండి. ఆదివారం ఎండ కాస్తుందంటున్నారు, పరుపులు పైకి మోయాలి.

ఇట్లు,
కింది పోర్షన్ పిల్ల