ముందు వర్ణం, తర్వాతే జాజ్

మా మానుకోటలో ఇప్పుడు పిల్లలు శాస్త్రీయ సంగీతం నేర్చుకుంటున్నారు, సంతోషమే. కానీ జంట స్వరాలు దాటకముందే ‘ఫ్యూజన్ ఎప్పుడు సార్?’ అని అడుగుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. మూడు కాలాల్లో ఒక్క వర్ణం నిలబెట్టలేని గొంతుకు పక్కన సాక్సఫోన్ ఊదితే జాజ్ ఆల్బం అయిపోతుందా?

జాజ్ మీద నాకు పగ లేదు. మా రోజుల్లోనూ మనవాళ్లు అటు పోయారు, ఎట్లా పోయారన్నదే ముఖ్యం. పాలకొల్లు పిల్లవాడు ఉప్పలపు శ్రీనివాస్ 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో మాండలిన్ వాయించాడు. పద్నాలుగేళ్ల వయసు. అరగంట అనుకున్న కచేరీ ఇంకా చాలాసేపు సాగింది. జాజ్ ఉత్సవమని బాణీ మార్చలేదు, మన కర్ణాటక సంగీతమే వినిపించాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడితే పిల్లవాడు విని తీగ మీద పలికించాలి. అందుకే ఆ తీగకు గొంతు వచ్చింది. మొదటి కచేరీ 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో. కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’ ఆల్బం వచ్చింది 1995లో. నడుమ పదిహేడేళ్లు! జాన్ మెక్‌లాగ్లిన్ బృందం ‘రిమెంబర్ శక్తి’లో కూర్చున్నది ఆ తర్వాతే.

గాయనుల మాటకొస్తే, బెంగళూరు రమామణి గారు. కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ బృందంతో, అమెరికా సాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ మరియానోతో కలిసి ఆమె పాడిన ‘జ్యోతి’ కూడా 1983లోనే వచ్చింది. ఆమె తన రాగాలు వదిలిపెట్టి పోలేదు. పైగా ఆ మరియానో మన నాదస్వరం పట్టి నేర్చుకున్నవాడు. ఇద్దరూ చెరో సగం దూరం నడిచి కలుసుకున్నారు.

ఈ కలయిక ఎంత కష్టమో ఇప్పటి పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. మనకు తంబూరా మీద షడ్జం కదలదు. జాజ్‌లో పాట కింద స్వరాల గుత్తులు మారుతూనే ఉంటాయి. తోడి గాంధారం ఊగితేనే తోడి. పియానో మెట్టు ఊగదు. ఆ రెండూ తగులుకున్న చోట ఏది వంగాలో తెలియాలంటే గమకం ఒంటబట్టి ఉండాలి. కీరవాణి అయితే వాళ్ల హార్మోనిక్ మైనర్ స్వరాలే కాబట్టి తొందరగా కలుస్తుంది, అందరూ అక్కడికే పరుగెత్తేది అందుకే. జాజ్ వాళ్లు మాత్రం ఊరికే ఊదుతారా? పాత పాటలు అన్ని శ్రుతుల్లో నోటికి వచ్చాకే సొంత కల్పన మొదలుపెడతారు. మన మనోధర్మమూ అంతే కదా!

రెండు తీరులు ఎట్లా కలవాలో చూడాలంటే మా జిల్లాలోనే డోర్నకల్ ఉంది. అజరయ్య గారు 1912లో అక్కడి బిషప్ అయ్యారు. పడమటి మతాన్ని తెలుగు పాటలో, మన బాణీలో పాడించాలని పట్టుబట్టిన మనిషి. గుడి తీరూ మసీదు తీరూ చర్చి తీరూ కలిసిన అక్కడి కెథడ్రల్ ప్రతిష్ఠ 1939లో జరిగింది. పోయి ఆ స్తంభాల నడుమ నిలబడండి, ఏదీ అతికించినట్టు ఉండదు.

వినేవాళ్లనూ అనాలి. మా రోజుల్లో క్యాసెట్ కొంటే అట్ట మీద రాగం, తాళం, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అన్నీ చదివి, రెండు వైపులా పూర్తిగా వినేవాళ్లం. ఇప్పుడు అర నిమిషం వినడం, వేలితో పైకి తోసేయడం.

మొన్న మా మనుమరాలు ‘తాతా, జర విను’ అని ఎవరో కొత్త గాయని మొదటి జాజ్ ఆల్బం ఫోన్లో పెట్టింది. మొత్తం విన్నాను. మూడో పాటలో ఆ అమ్మాయి కీరవాణి తీసుకుని నెరవు చేసింది. తొందరపడలేదు, పియానో వాయించేవాడు కూడా ఆగి చోటిచ్చాడు. మృదంగం మరీ బాగుంది. వాయించింది ఎవరమ్మా అని అడిగితే పిల్ల ఫోనంతా వెతికింది. పేరు ఎక్కడా వేయలేదు.