నెగెటివ్ మామ

కర్నూలు నుంచి కడప దాకా కేసీ కెనాల్ వెంబడి ఏ ఊళ్లో ఏ బంధుబలగాన్ని కదిలించినా ఒక నెగెటివ్ మామ తగులుతాడు. ఇరిగేషన్‌లోనో, బ్యాంకులోనో, జూనియర్ కాలేజీలోనో చేసి రిటైరై ఉంటాడు. షుగర్ ఉంటుంది. ఉగ్గాని బజ్జి తినొద్దన్న డాక్టరు ఉంటాడు, తిన్నాక తిట్టే అత్త ఉంటుంది. ఇంతవరకూ రిటైరైన అందరి కథే. ఈయనకు అదనంగా ఒక పాత స్కానరు కూడా ఉంటుంది.

మన ఇంటికి పలకరింపుకొస్తే ఈయన చూపు మన ముఖం మీద ఉండదు, అటక మీద ఉంటుంది. “మీ నాయనకు ఆగ్ఫా క్లిక్ కెమెరా ఉండె కదా, ఆ రీళ్లు యాడ పెట్టినారప్పా?” అని మొదలుపెడతాడు. కాఫీ వచ్చేలోపు స్టూలెక్కి తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా దించుకుంటాడు. పచ్చడి జాడీ మూత తీసినట్టు జాగ్రత్తగా తీసి, లోపలికి ముక్కు పెడతాడు. పులుపు వాసన కొడితే ఫిల్ము చెడిపోతోందని లెక్క. కొట్టకపోతే ముఖం వెలుగుతుంది. ఒక్కో రీలూ కిటికీకి ఎత్తిపట్టి చదువుతాడు. ఇది ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు, ఇది తూర్పు జర్మనీ ఆర్వో, ఇది కోడాక్. ఎవరి పెళ్లో తర్వాత చూస్తాడు, ముందు ఫిల్ము ఏ ఊరిదో తేలాలి.

ఈ జబ్బు కర్నూలులో ఎక్కువ కావడానికి కారణముంది. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊరి మీదికొచ్చాయి. పాతబస్తీలో గోడ బీరువాల్లోని ఆల్బమ్‌లన్నీ బురదలో నానాయి. నీళ్లు తీశాక జనం వాటిని మిద్దెల మీద ఎండేశారు. ఎండేసరికి ఫొటోల మీది జెలటిన్ ప్లాస్టిక్ కాగితానికి అంటుకుపోయింది, పీకితే పెళ్లికూతురి ముఖం కాగితంతో పాటు వచ్చేసింది. అటక మీది డబ్బాలో ఎవరూ పట్టించుకోని నెగెటివ్‌లు మాత్రం బతికి బట్టకట్టాయి. ఫొటో పోయినా నెగెటివ్ ఉంటే మళ్లీ కడిగించుకోవచ్చని అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. కడిగే స్టూడియో మాత్రం అప్పటికే జిరాక్సు సెంటరైపోయింది. ఆ సందులోంచి మామ పుట్టాడు.

స్కానింగు చేసే గదిలోకి వెళ్లడానికి గుండెధైర్యం కావాలి. కర్నూలు మే నెల. బయట నలభై దాటిన ఎండ, లోపల ఫ్యాను బంద్. గాలి ఆడితే దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ము నెగెటివ్ మీద వాలితే తెర మీద తాటిచెట్టంత కనబడుతుంది. మామ కట్ బనియనుతో, చేతులకు తెల్ల గ్లవుజులతో కూర్చుని, రబ్బరు బుడగ నొక్కుతూ ఫిల్ము మీద గాలి ఊదుతుంటాడు. “ఏం మామా, బ్యాండుమేళంలో చేరినావా?” అన్నవాణ్ణి మళ్లీ గదిలోకి రానివ్వలేదు. ఎండకు చుట్ట చుట్టుకుపోయిన ఫిల్మును రెండు లావు పుస్తకాల కింద నెల రోజులు అణిచిపెడతాడు. ఆ పుస్తకాలకు ఇంట్లో దొరికిన మొదటి ఉపయోగం అదేనని అత్త అంటుంది.

స్కానరు దీపం వేడెక్కడానికి టైము తీసుకుంటుంది. వేడెక్కాక మూలుగుతూ కదులుతుంది. 2400 డీపీఐలో ఒక్క 35 మిల్లీమీటర్ల బొమ్మ రావడానికి ఒక దమ్ము టీ పూర్తవుతుంది. తొంభై శాతానికి రాగానే కరెంటు పోతుంది. దాని డ్రైవరు విండోస్ ఎక్స్‌పీలో తప్ప పనిచేయదు. ఎక్స్‌పీని మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే వదిలేసినా మామ వదల్లేదు. ఆ కంప్యూటరుకు వైరస్ వస్తుందని ఇంటర్నెట్టు పెట్టడు, పిల్లలు ఆటలాడతారని పాస్‌వర్డు పెడతాడు, పాస్‌వర్డు మరిచిపోతానని దాన్ని మానిటరు మీదే చీటీ రాసి అంటిస్తాడు.

స్కానరులో దుమ్మును తనంతట తాను తుడిచే ఒక ఉపాయముంది. పరారుణ కాంతిని ఫిల్ము గుండా పంపి, అడ్డొచ్చిన దాన్నంతా దుమ్మని లెక్కగట్టి చెరిపేస్తుంది. మామూలు రంగుల నెగెటివ్‌కు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మంతా వెండే. వెండి ఆ కాంతికి అడ్డుపడుతుంది కాబట్టి స్కానరు జేజినాయనను కూడా దుమ్మనుకుని మీసం దగ్గర్నుంచి తుడవడం మొదలుపెడుతుంది. రంగుల నెగెటివ్‌లతో ఇంకో తంటా. ఆ ఫిల్ముకు నారింజ పూత ఉంటుంది. దాని లెక్క తీసేయకుండా తిరగేస్తే బొమ్మంతా నీలం తిరుగుతుంది. 1986 నాటి బావ పెళ్లి ఫొటో అట్లాగే వాట్సాప్‌లో పెట్టాడు. పెళ్లికొడుకు ఒంటిమిట్ట రాముడి రంగుకొచ్చాడు. అత్తగారి వైపువాళ్లు మాత్రం అప్పుడే నలుపన్నారు, ఇప్పుడు రుజువైంది పొమ్మన్నారు.

హైదరాబాదు నుంచి వచ్చిన మేనల్లుడు ఇదంతా చూసి నవ్వాడు. ట్యాబ్ మీద తెల్ల తెర పెట్టి, నెగెటివ్ దాని మీద పరిచి, ఫోనుతో టక్కున ఫొటో తీశాడు. “అయిపోయింది మామా.” మామ తొందరపడలేదు. ఆ ఫొటోను పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, అల్లుడి ముందు పెట్టాడు. ట్యాబ్ తెర చుక్కలన్నీ గళ్లుగళ్లుగా పడి ఉన్నాయి. “మీ జేజినాయన దోమతెరలో పండుకున్నట్టుండాడు. నెగెటివ్‌ను తెరకు కాస్త ఎడంగా ఎత్తిపెట్టాలప్పా.” అని ఊరుకుంటే మామ ఎందుకవుతాడు? రాత్రి పదకొండింటి దాకా మాక్రో లెన్సు గురించి చెప్పాడు.

అయినా మామ అసలు జబ్బు స్కానింగు కాదు, పేర్లు. బొమ్మ తేలిపోతుంది, అందులో ఉన్నదెవరో తేలదు. కంప్యూటరులో అన్నిటికంటే బరువైన ఫోల్డరు పేరు ‘తెలీనోళ్లు’. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న 1953-56 నాటి నెగెటివ్ ఒకటి ఎవరింట్లో దొరికినా, అందులో ప్రకాశం పంతులు ఉన్నాడని ఆ ఇంటివాళ్లు ప్రమాణం చేస్తారు. మామ దగ్గరా ఒకటుంది. గుడారం ముందు వాళ్ల తాత, పక్కన అటు తిరిగి నిలబడ్డ తెల్లపంచె మనిషి. 1200లో చూశాడు, 2400లో చూశాడు. 4800 పెట్టినా ఆ మనిషి ఇటు తిరగలేదు.

పేర్ల కోసం మామ ఊళ్లు పట్టుకు తిరుగుతాడు. ఒక ఎడ్లబండి ఫొటో తీసుకుని నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో కడప వెళ్లాడు. కూతురింట్లో ఉండే పెద్దమ్మకు చూపించాలి. ఆమెది శ్రీశైలం ముంపులో పోయిన ఊరు. పెద్దమ్మ ఫొటోను కళ్లకు ఆనించుకుంది. బండి మీద ఉన్న ముగ్గురిలో ఒక్కరినీ గుర్తుపట్టలేదు.

“ఈ కోడె మాదే నాయనా,” అంది. “నంద్యాల సంతలో తెచ్చినాడు మా మామ. ఊరు లేపకముందు సంవత్సరమే అమ్మేసినారు.”

మామ పెన్ను తీసి ‘1981కి ముందు’ అని రాసుకోబోయాడు.

“ఉండు. మా కోడెకు ఎడం కొమ్ము కదా వంకర. ఈడ కుడిది వంకర ఉండాదే? ఇది మాది కాదులే, ఎవురిదో.”

మామ కాసేపు ఎద్దును చూశాడు, కాసేపు పెద్దమ్మను చూశాడు. ఆ బండి మీది పెద్దమనిషి ఎడమ చేత్తో చుట్ట తాగుతుండటం అప్పుడు కనబడింది. ఫిల్ము మెరిసే వైపు, మెరవని వైపు తారుమారు చేసి స్కాను చేశాడన్నమాట. మారు మాట్లాడకుండా సాయంత్రం బస్సెక్కాడు. మర్నాడు తిప్పిన బొమ్మ కడపకు పంపితే ఫోనొచ్చింది: “ఆఁ, ఇప్పుడు మాదే. ఆ చుట్ట తాగేటోడు మా మామ కదా! చూడంగానే చెప్పొద్దూ?” తెలీనోళ్లలోంచి ఒకడు తగ్గాడు. కోడెకు వేరే ఫోల్డరు తెరిచాడు.

బంధువులందరికీ మామ ఒక వేళాకోళం. అది పెద్దకర్మ వచ్చేదాకే. ఇంట్లో మనిషి పోయి, ఫ్లెక్సీ వాడు “మంచి ఫొటో ఉంటే పంపించండి సార్” అన్నప్పుడు ఫోను వెతికితే దొరికేది ఆధార్ కార్డు బొమ్మ ఒక్కటే. అందులో ఉన్న ముఖం చూసి కన్నకొడుకే జడుసుకుంటాడు. అప్పుడు మామకు ఫోను. అర్ధగంటలో శ్రీశైలం డ్యామ్ మీద మీసం తిప్పుతూ, చేతికి హెచ్‌ఎంటీ వాచీతో, ముప్ఫయ్యేళ్ల నాయన వచ్చేస్తాడు. ఊరంతా ఫ్లెక్సీ ముందు ఆగి “ఇంత అందగాడా!” అంటుంది. పదకొండో రోజు భోజనాల దగ్గర నలుగురు మామ పక్కకు చేరి, తమ ఇంట్లోనూ ఒక డబ్బా ఉందని మెల్లగా చెబుతారు.

ఇది చూసి డాలస్ అల్లుడు కొత్త స్కానరు పంపాడు. మామ అట్ట విప్పలేదు. బయట పెడితే దుమ్ము పడుతుందని మంచం కింద తోసి, పైన దుప్పటి కప్పి, పాతదాని ముందే కూర్చున్నాడు.

మీ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉంటే ధైర్యంగా ఇచ్చేయండి, పైసా తీసుకోడు. తిరిగి ఎప్పుడిస్తావని మాత్రం అడగొద్దు. అడిగితే ఒక బొమ్మ ముందుకు జరిపి, “మూడో వరసలో ఆ ఎర్ర కండువా ఎవురో చెప్పు, డబ్బా తీసుకపో” అంటాడు. డబ్బా వెనక్కి పట్టుకెళ్లినవాడు ఇంతవరకు లేడు.