రాజుగారి పని మనకెందుకు?

జర్మనీలో హానోవర్ రైతులు గుర్రాల విషయంలో గడుసువాళ్లు. ఆడ గుర్రాన్ని తమ కొట్టంలో కట్టుకుని, మగ గుర్రాన్ని మేపే తలనొప్పిని రాజుగారికి వదిలేశారు. ఇంగ్లండునూ హానోవర్‌నూ ఏలిన రెండో జార్జి 1735లో త్సెల్లె పట్టణంలో అశ్వశాల పెట్టించాడు. విత్తనపు గుర్రాలు సర్కారువి, పుట్టే పిల్లలు రైతువి, కొరికితే కరిపించుకునేవాడు సర్కారు జీతగాడు. ఇంత చక్కటి ఏర్పాటును కాదని, సొంత కొట్టంలో పుట్టిన వార్మ్‌బ్లడ్ అనే సవారీ జాతి మగపిల్లను తానే పెంచి, విత్తనపు గుర్రంగా గుర్తింపు తెచ్చుకుంటానని బయల్దేరే ఆసామి మీద నాకు జాలి. కాకి పిల్ల కాకికి ముద్దే. ఆ ముద్దుకు మార్కులు వేయమని పరాయివాళ్లను అడగడం దగ్గరే చిక్కంతా.

పెద్ద శాలల్లో పాలు మానిన మగపిల్లలను మందగా పచ్చికలో వదులుతారు. ఒకటి ఎక్కువ చేస్తే ఇంకొకటి తన్ని బుద్ధి చెబుతుంది. ఇంట్లో ఒంటరిగా పెరిగినదానికి ఆటకు దొరికేది యజమానే. క్యారెట్లు పెట్టి గారం చేస్తే, ఐదారు వందల కిలోలకు ఎదిగాక కూడా ఆయన భుజాల మీద ముందుకాళ్లు వేసి ఆడుకుందామంటుంది. ఈ గారాల బిడ్డ రెండున్నరేళ్ల ఈడులో వెర్డెన్ పట్టణంలో జరిగే విత్తనపు గుర్రాల ఎంపికకు వెళ్లాలి. గట్టి నేల మీద పరుగెత్తిస్తారు. అడుగు తేడాగా పడితే చప్పుడే పట్టిస్తుంది. రౌతు లేకుండా అడ్డుకర్రలు దూకిస్తారు. కీళ్ల ఎక్స్‌రేలు తీస్తారు. అన్నీ గట్టెక్కినా ఆపైన 14 రోజుల సామర్థ్య పరీక్ష ఉంటుంది.

ఇంత కాఠిన్యం ఎందుకంటారా? ఆడ గుర్రం ఏడాదికి ఒక్క పిల్లను ఈనుతుంది. మగ గుర్రం కృత్రిమ గర్భధారణ పుణ్యమా అని ఏడాదికి వందల పిల్లలకు తండ్రి కాగలదు. దాని కీళ్ల లోపం జిల్లాలు దాటి పోతుంది. అందుకే ఇంట్లో పుట్టిన మగపిల్లకు విత్తులు కొట్టించడమే మేలంటాను. మరి వాలెగ్రో మాటేమిటని అడ్డు తగిలేవాళ్లుంటారు. 2012 లండన్, 2016 రియో ఒలింపిక్స్‌లో డ్రెస్సేజ్ (గుర్రపు నడకల పోటీ) స్వర్ణాలు గెలిచిన ఆ గుర్రానికి విత్తులు లేవు, పిల్లలూ లేరు. నష్టమే, ఒప్పుకుంటాను. రెండున్నరేళ్ల ఒంటిని చూసి చేసేది అంచనాయే. కానీ గెలవడం వేరు, గెలుపును బిడ్డలకివ్వడం వేరు. పైగా విత్తులు కొట్టించినందుకు వాలెగ్రో అడుగు ఎక్కడా తడబడలేదు. ఇది నా వాదానికే బలం.

ఇంకో అభ్యంతరానికి మాత్రం పస ఉంది. అందరూ పేరున్న నాలుగు మగ గుర్రాల చుట్టూనే తిరిగితే రక్తం ఇరుకైపోదా? అవుతుంది. అయితే అరుదైన రక్తాన్ని కూతుళ్లూ మోస్తారు, గోడలు తన్నకుండా మోస్తారు. ఆ కూతుర్ని ఈనడానికి కొట్టంలో ఉంచుకోండి, కొడుక్కి విత్తులు కొట్టించి జీను వెయ్యండి. ఆసామికి ఇదంతా తెలుసు. అయినా వెర్డెన్‌లో తన గుర్రం తప్పిందంటే, న్యాయనిర్ణేతలకు కళ్లజోళ్లు మార్చాలనే అంటాడు.