షమాల్ సంజీవని

మూలం (ఆటవెలది)

కార్డు ముందు చూడు, కడుపు పిమ్మట చూడు;
దగ్గరున్న చోటె దారి యడుగు;
దూరమైన యట్టి దోహ కేగుట కన్న
అల్ రువైసు లోనె హాయి నీకు.

అవతారిక

మల్లినాథ సూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. కాళిదాసు వాణి చెడ్డ వ్యాఖ్యానాల విషం సోకి మూర్ఛపోయిందని, దాన్ని లేపి కూర్చోబెట్టడానికే తాను కలం పట్టానని చెప్పుకుని, తన వ్యాఖ్యకు ‘సంజీవని’ అని పేరు పెట్టాడు. మూలంలో లేనిది ఒక్క ముక్క కూడా రాయనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు. ఆ మెదక్ నుంచి, దాని పైనున్న నిజామాబాద్, జగిత్యాల నుంచి గల్ఫ్‌కు వచ్చినవాళ్లకు కాళిదాసుతో పెద్దగా పని పడదు. అయితే చెడ్డ వ్యాఖ్యానాల విషం మాత్రం ఇక్కడా ఉంది. ఎవడికైనా ఒంట్లో బాగోలేదంటే చాలు, గదిలో ఎనిమిది పడకల నుంచి ఎనిమిది వ్యాఖ్యానాలు దిగుతాయి. రోగి వాటికే సగం పడిపోతాడు.

ఈ పద్యానికి కర్తలిద్దరు. మాట మా గది పెద్దన్నది, గణాలు నావి. పెద్దన్నది జగిత్యాల వైపు పల్లె, నాది రాజోలు వైపు లంక. ఒక రాత్రి నేను కడుపు పట్టుకుని మూలుగుతుంటే ఆయన మంచం దిగకుండానే, “ముందుగాల కార్డు సూడు తమ్మీ, కడుపు సంగతి ఎనక సూద్దాం” అన్నాడు. నొప్పి తగ్గాక ఆ వాక్యం ఆటవెలది మొదటి పాదంలో చక్కగా ఇమిడి కూర్చుంది. మిగతా మూడు పాదాలు నా మెడకు పడ్డాయి.

ఇక స్థలం. ఖతర్ ద్వీపకల్పం ఉత్తరపు కొసన, దోహకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు మదీనత్ అల్ షమాల్. దాన్ని ఆనుకునే రువైస్ రేవు, చేపల పడవలు. పడమరగా వెళ్తే 2013లో యునెస్కో జాబితాకెక్కిన జుబారా. మధ్యలో మజ్రాలనే ఎడారి తోటలు, ఎండ, మనవాళ్లు.

ప్రతిపదార్థం

కార్డు = చొక్కా జేబులోనో దిండు కిందో ఉండవలసిన ప్లాస్టిక్ పలకను; ముందు = మొట్టమొదట, అనగా నొప్పి పుట్టక పూర్వమే; చూడు = గడువు తేదీ చదువుము; కడుపు = ఉదరమును; పిమ్మట = ఆ తరువాత; చూడు = పరిశీలింపుము; దగ్గరున్న చోటె = సమీప స్థలముననే; దారి = ఉపాయమును; అడుగు = ప్రశ్నింపుము; దూరమైన యట్టి = పికప్పులో గంటకు పైగా పట్టునట్టి; దోహకు = ఆ పేరు గల రాజధానికి; ఏగుట కన్న = పోవుట కంటె; అల్ రువైసు లోనె = పక్క ఊరిలోనే; నీకు = ఓయి ప్రవాసీ, నీకు; హాయి = సుఖము.

తాత్పర్యం

పైన చెప్పిందే. పదో తరగతిలో దీనికి విడిగా మార్కులుండేవి కాబట్టి విడిగా రాయక తప్పేది కాదు. ఇక్కడ ఆ అవసరం లేదు.

టీక

‘కార్డు’ అనేకార్థక పదం. గల్ఫ్ తెలుగులో కనీసం మూడు అర్థాలున్నాయి. మొదటిది బతాకా, అంటే నివాస గుర్తింపు కార్డు. రెండోది హెల్త్ కార్డు. పాతవాళ్లు దీన్నే హమద్ కార్డంటారు. 1979లో ఏర్పడిన హమద్ మెడికల్ కార్పొరేషన్ పేరు దానికి అలా అంటుకుపోయింది. ప్రవాసులకు దీని రుసుము ఏడాదికి 100 రియాళ్లు. మూడోది కొన్ని కంపెనీలిచ్చే ఇన్సూరెన్సు కార్డు, ప్రైవేటు క్లినిక్కుల గుమ్మం దాటించేది. మూలంలోని కార్డు రెండోదే. బతాకా లేకుండా అది పుట్టదు కాబట్టి మొదటిది అందులోనే అణిగి ఉందని గ్రహించాలి. వైద్యానికి ముందు కార్డేమిటి, ఇదెక్కడి న్యాయం అని మనవాళ్లు ఆశ్చర్యపోనక్కర్లేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి మన ఊళ్లో గుండె కంటే ముందు తెల్లకార్డే పరీక్షకు నిలబడింది.

ఈ పదం దగ్గర మూలకర్తల దోషం ఒకటి చెప్పాలి. కార్డు చూడు అన్నారు సరే, కార్డే లేనివాడు ఏం చూడాలి? బతాకా గడువు తీరినా కఫీల్ (యజమాని) కొత్తది చేయించనివాడు, మజ్రాలో ఒంటెలు కాసేవాడు, ఇంటి పనికొచ్చి కాగితాలన్నీ మేడమ్ బీరువాలో పెట్టి తాళం వేయించుకున్న మన కడప, గోదావరి ఆడపడుచు, వీళ్లెవరికీ ఈ పద్యంలో చోటు లేదు. ఇంట్లో పనిచేసేవారికి వైద్యం చేయించే బాధ్యత యజమానిదేనని 2017 నాటి 15వ చట్టం చెబుతుంది. చట్టం అరబ్బీలో ఉంటుంది, జ్వరం తెలుగులో వస్తుంది. మధ్యలో అనువాదకుడు లేకపోతే దోలో మాత్రే గతి. భారత రాయబార కార్యాలయం నీడన నడిచే ఐసీబీఎఫ్ వాళ్ల వైద్య శిబిరాల్లో ఇలాంటివాళ్లు వచ్చి వరసలో నిలబడతారు. ఆ శిబిరం మీద కూడా ఒక పద్యం రావాలి. ఇది మాత్రం కార్డున్నవాడి పద్యం, ఒప్పుకుంటున్నాను.

‘కడుపు’ అన్నది ఉపలక్షణం. కాకుల నుంచి పెరుగు కాపాడమంటే కుక్కకు పెట్టమని కాదు కదా. అలాగే కడుపంటే నడుము, మోకాలు, పన్ను, షుగరు, బీపీ అన్నీ వస్తాయి. ప్రతి సామాన్య సూత్రానికీ అపవాదం ఉంటుంది. గుండెలో నొప్పి, ప్రమాదం, ఎండదెబ్బకు స్పృహ తప్పడం, ఇవి అపవాదాలు. ఇక్కడ కార్డూ వద్దు, పద్యమూ వద్దు, 999కి ఫోన్ చేయడమే. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదని 2021 నుంచి నిబంధన ఉంది. ఎండ మాత్రం ఆ నిబంధన చదువుకోలేదు, ఎనిమిదింటికే మొదలవుతుంది.

అంకెల దగ్గర మనవాడు జారే చోటొకటి ఉంది. మన ఊళ్లో అంబులెన్సంటే 108. 2005లో హైదరాబాద్‌లో మొదలై నోటికి పట్టేసింది. ఇక్కడ 107 ఉంది. అది ప్రాథమిక ఆరోగ్య సంస్థ వారి నంబరు, హెల్త్ సెంటర్ల సంగతులకు. ఒక్క అంకె తేడాతో అంబులెన్సు మాయమై అపాయింట్‌మెంట్ ప్రత్యక్షమవుతుంది. గదిలో సున్నంతో గోడ మీద 999 అని రాసి పెట్టాం. ఆ పక్కనే ఎవరో క్యారమ్స్ స్కోరు రాయడం వల్ల ఇప్పుడు అది 99921 అయింది.

‘దగ్గరున్న చోటె’. దీనికి పాఠాంతరం ఉంది. వాట్సాప్ ప్రతుల్లో ‘దగ్గరున్న వాని దారి యడుగు’ అని కనిపిస్తుంది. గణాలు సరిపోతాయి, యతి చెడదు, అర్థమూ కుదురుతుంది. అందుకే ఈ పాఠం ప్రమాదకరం. దీన్ని నమ్మినవాడి కథ చెబుతాను. వాడు నేనే.

శుక్రవారం రాత్రి. పెద్దన్న మాట పెడచెవిన పెట్టి, దగ్గరున్న వాణ్ణి అడిగాను. పై పడకవాడు అపెండిక్స్ అన్నాడు. కిటికీ పక్కవాడు కిడ్నీలో రాయన్నాడు, వాళ్ల బావమరిదికి సరిగ్గా ఇలాగే వచ్చిందట. మూడోవాడు ఏ జబ్బో చెప్పలేదు గానీ, “పెద్ద దవాఖానకే పోవాలె” అని తేల్చాడు. పెద్ద దవాఖాన అంటే దోహ. ఒక మిత్రుడి పికప్పులో వెనక్కి వాలి, షమాల్ రోడ్డు దీపాలు ఒక్కొక్కటే లెక్కపెడుతూ వెళ్లాను. అక్కడ ఒక పెద్ద ఆసుపత్రిలో మలయాళీ సిస్టర్ నాడి, బీపీ చూసి, చేతికి పట్టీ కట్టి కూర్చోమంది. నా తర్వాత వచ్చినవాళ్లు నా ముందే లోపలికి వెళ్తుంటే రక్తం మరిగింది. తలకు గుడ్డ చుట్టుకున్నవాడొకడు, ఊపిరాడని ముసలాయనొకరు, తల్లి భుజం మీద వేలాడుతున్న పసిపిల్ల. వాళ్లకు ముందు, నాకు తర్వాత అన్నది అన్యాయం కాదని తెల్లారేలోపు అర్థమైంది. డాక్టరు పొట్ట మీద నాలుగు చోట్ల నొక్కి గ్యాసన్నాడు. సిస్టర్ నా కార్డు నంబరు కొట్టి, తెర మీద చదివి, వచ్చీరాని హిందీలో అడిగింది: “మీ పేరు రువైస్ హెల్త్ సెంటర్లో ఉంది. అక్కడెందుకు వెళ్లలేదు?”

ఆ సెంటర్ మా గదికి పది నిమిషాలు. రాత్రి వేళ కూడా అత్యవసర చికిత్స దొరికే సెంటర్లలో అదొకటి. అటు వెళ్లకుండా ఇటు వంద కిలోమీటర్లు పోయిన నాకు ‘చోటె’ లోని ఆ ఎత్వం విలువ అప్పుడు తెలిసింది. వ్యాకరణంలో దాన్ని అవధారణం అంటారు.

అయితే దగ్గరన్నది అందరికీ ఒకటి కాదు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఉండే మా ఊరివాడికి దగ్గరంటే 2018లో తెరిచిన హజ్మ్ మెబైరీక్. దుఖాన్‌లో ఉన్నవాడికి క్యూబన్ హాస్పిటల్. పద్యం షమాల్‌లో పుట్టింది కాబట్టి షమాల్‌కే కట్టుబడింది. ఎవరి దగ్గరను వారు వేసుకోవచ్చు, గణాలు కుదిరితే.

‘దూరమైన యట్టి’. దూరం నుంచి మనిషే కాదు, మందు కూడా వస్తుంది. సెలవు మీద వెళ్లొచ్చే ప్రతివాడి పెట్టెలోనూ ఊరగాయ పక్కన ఇంకొకరి మాత్రల పొట్లం ఉంటుంది. ఇక్కడ జాగ్రత్త. ట్రమడాల్, ఆల్ప్రజోలం, డయాజెపాం లాంటివే కాదు, మన దగ్గర నరాల తిమ్మిరికి రాసిచ్చే ప్రెగాబలిన్ కూడా ఖతర్‌లో కట్టడి కింద ఉంది. మన రాయబార కార్యాలయం దీని మీద హెచ్చరికలు కూడా పెట్టింది. సొంతానికైనా డాక్టరు చీటీ ఉండాలి, నెల రోజులకు మించకూడదు. ఇంకొకరి కోసమైతే అసలే తేకూడదు. పక్కింటి పిన్ని పంపిన పొట్లమే కదా అంటే విమానాశ్రయంలో వినేవాళ్లుండరు.

‘అల్ రువైసు లోనె హాయి నీకు’. యతి చూడండి. అకారానికి హకారం చెల్లుతుంది కాబట్టి ‘అల్’కూ ‘హాయి’కీ మైత్రి కుదిరింది. అల్ రు, వైసు, లోనె, హాయి, నీకు, అన్నీ హగణాలే, వరసగా ఐదు. పాఠాంతరకారులు ఇక్కడ ‘అల్ ఖోరు’ అని దిద్దబోయారు గానీ గణం విరిగింది. ఛందస్సు ఒప్పుకోకపోయినా వైద్యం మాత్రం ఒప్పుకుంటుంది. దోహకూ షమాల్‌కూ నడిమధ్యన, అల్ ఖోర్‌లో, 2005 నుంచి హమద్ వారి ఆసుపత్రి ఉంది. రువైస్‌లో తేలనిదేదైనా ఉంటే చాలాసార్లు అటే పంపుతారు. పంపేటప్పుడు రిఫరల్ చేస్తారు.

ఇక్కడొక శ్లేష. షమాల్ అంటే అరబ్బీలో ఉత్తర దిక్కు. తెలుగులో ఉత్తరమంటే దిక్కూ అవుతుంది, లేఖా అవుతుంది, జవాబూ అవుతుంది. ఉత్తరపు ఊరివాడు రిఫరల్ అనే ఉత్తరం పట్టుకుని దక్షిణానికి పోతే ఉత్తరం దొరుకుతుంది. లాక్షణికుడు అప్పకవి ఉంటే మెచ్చుకునేవాడు. పెద్దన్నకు వినిపిస్తే, “అర్థం కాలే, గానీ బాగుంది” అన్నాడు.

టీక అంతా చదివి వినిపించాక ఆయన అటు తిరిగి పడుకున్నాడు. దీపం తీసేయబోతుంటే మళ్లీ ఇటు తిరిగాడు.

“గింత రాసినవ్ గదా తమ్మీ. మొన్న నాకు జొరమొస్తె రువైస్‌ల పనడాల్ ఇచ్చి నీళ్లు తాగుమన్నరు. మా ఊళ్ల ఆర్‌ఎంపీ అయితే సూదేస్తుండె. ఆడ సూదేస్తరా ఎయ్యరా, గది రాయలే?”

“మూలంలో సూది లేదన్నా,” అన్నాను.