మూడడుగులు

బేరం టన్నుకి అరవై డాలర్ల దగ్గర ఆగిపోయింది.

గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన తన రేటు చెప్పాడు. హెఫెయిలో మసాలా ఫ్యాక్టరీ నడుపుతున్న చైనా ఆసామి తన రేటు చెప్పాడు. మధ్యలో అరవై డాలర్లు మిగిలాయి. రెండు రోజులైనా అవి అక్కడే ఉన్నాయి.

సరుకు మీద పేచీ లేదు. తొడిమ తీసిన తేజ మిర్చి. చైనావాళ్లు హాట్‌పాట్‌లోకి వాడేదీ, నూనె తీసేదీ అదే. ఆసామి శాంపిల్ సంచి విప్పి ఒక కాయ తుంచాడు. వాసన చూశాడు. నాలుగు గింజలు నాలిక మీద వేసుకున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి. బాగుందన్నాడు. రేటు మాత్రం కదల్లేదు.

తొడిమలు తీసే ఆడవాళ్ల కూలి పెరిగిందని పెద్దాయన చెప్పాడు. కోల్డ్ స్టోరేజీ అద్దె పెరిగిందన్నాడు. ఆసామి తేమ శాతం ఎత్తాడు. ఓడ కిరాయి ఎత్తాడు. ఇద్దరి మధ్యా ఒక తెలుగు కుర్రాడు కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు వేస్తున్నాడు. డాక్టరీ చదవడానికి చైనా వచ్చి దుభాషిగా స్థిరపడ్డవాడు. రోజుకింతని ఆసామి దగ్గర పుచ్చుకుంటాడు.

మర్నాడు ఆదివారం. ఆసామి పొద్దున్నే హోటలుకి కారు తెచ్చాడు. ఇవాళ వ్యాపారం మాట వద్దు, ఒక పాత ఊరు చూసొద్దాం అన్నాడు. పెద్దాయన కోటు తొడుక్కుని, కోటు మీద కండువా వేసుకున్నాడు. మిర్చి యార్డులోనైనా, విమానంలోనైనా ఆయన కండువా లేకుండా ఉండడు.

దక్షిణంగా గంటన్నర ప్రయాణం. ఊరి పేరు తుంగ్‌చెంగ్. అన్హుయి రాష్ట్రంలో చిన్న ఊరే గాని చదువుకి పెట్టింది పేరు. చింగ్ వంశం ఏలిన రోజుల్లో చైనా వచనం ఎలా ఉండాలో చాలాకాలం నిర్ణయించింది ఈ ఊరివాళ్లే. ఫాంగ్ బావ్, ల్యూ దాఖ్వై, యావ్ నాయ్ అని ముగ్గురి పేర్లు ఆసామి చెప్పాడు. కుర్రాడు తెలుగులో చెప్పాడు. పెద్దాయన అప్పటికే కునుకు తీస్తున్నాడు.

కారు దిగాక ఒక సందు ముందు నిలబడ్డారు. రాతి కమాను. దాని మీద రెండు చైనా అక్షరాలు. లోపల గులకరాళ్లు పరిచిన బాట. అటొక గోడ, ఇటొక గోడ. ఈ చివర నుంచి ఆ చివరకి వంద మీటర్లు. గుడి లేదు, కోట లేదు. జనం మాత్రం తిరనాళ్లలా ఉన్నారు. 2024 అక్టోబరులో షీ జిన్‌పింగ్ వచ్చి ఈ సందులో నడిచి వెళ్లాడు. అప్పటినుంచీ చైనా అంతా ఇందులో నడవాలనుకుంటోంది.

"ఇంతేనా?" అన్నాడు పెద్దాయన. "ఇట్టాంటి సందులు మా పట్నంబజారులో బోలెడున్నయ్యి."

"చాలా బాగుందంటున్నారు," అని కుర్రాడు ఆసామికి చెప్పాడు.

ఆసామి సంతోషించి కథ మొదలుపెట్టాడు.

మూడు వందల ఏళ్ల కిందటి మాట. కాంగ్‌షీ చక్రవర్తి కొలువులో జాంగ్ యింగ్ అని ఒక మహామంత్రి ఉండేవాడు. ఈ ఊరివాడే. ఆయన బీజింగ్‌లో ఉండేవాడు, కుటుంబం ఇక్కడ ఉండేది. పక్కిల్లు వూ అనే వాళ్లది. వాళ్లు ఇల్లు కట్టుకుంటూ రెండిళ్ల మధ్య జాగాలోకి జరిగారు. మంత్రిగారివాళ్లు కాదన్నారు. వూ వాళ్లు కాగితాలు తీశారు. వీళ్లూ తీశారు. రెండూ ఊళ్లో పేరున్న కుటుంబాలే. తీర్పు చెప్పాల్సిన అధికారికి నోరు పెగల్లేదు. మంత్రిగారివాళ్లు చివరకి బీజింగ్‌కి ఉత్తరం రాశారు. వెయ్యి కిలోమీటర్ల పైగా మనిషిని పంపారు.

"ఒక్క చీటీ రాస్తే చాలు," అన్నాడు పెద్దాయన. నిద్ర వదిలింది.

"చీటీ వచ్చింది," అన్నాడు ఆసామి.

వచ్చింది నాలుగు పాదాల పద్యం. గోడ సంగతి మరిచిపోండి, మూడడుగులు వదిలేయండి అని దాని సారాంశం. ఇంట్లోవాళ్లు చదువుకున్నారు. మాట్లాడకుండా తమ గోడ మూడడుగులు వెనక్కి జరిపారు.

ఆసామి అక్కడ ఆగాడు. జేబురుమాలు తీసి కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఈ కథ తుంగ్‌చెంగ్ ఒక్కదానిదే కాదు. షాన్‌డాంగ్ రాష్ట్రంలో ల్యావోచెంగ్ వాళ్లు ఇదే కథ ఫూ యీజ్యెన్ పేరు మీద చెప్పుకుంటారు. చింగ్ వంశంలో రాజపరీక్షల్లో మొదటి స్థానం తెచ్చుకున్న తొలి మనిషి ఆయన. హెనాన్ రాష్ట్రంలో ఆన్యాంగ్ వాళ్లు అంతకుముందరి మింగ్ వంశపు మంత్రి క్వో పూ పేరు మీద చెప్పుకుంటారు. పద్యం దాదాపు అదే. వాళ్ల ఊళ్లలోనూ సందులున్నాయి. కథ మాత్రం ఇంతవరకూ ఏ ఊరూ ఇంకో ఊరికి వదిలిపెట్టలేదు.

ఇవన్నీ ఆసామి చెప్పలేదు. ఆయన చెప్పింది వేరు. ఇక్కడి కోర్టులో తగవులు రాజీ చేసే పద్ధతికి ఈ సందు పేరే పెట్టారని చెప్పాడు. గోడల తగాదా అయినా, అన్నదమ్ముల తగాదా అయినా ముందు ఈ కథ గుర్తుచేస్తారట. చెప్పి, ఇవాళ వ్యాపారం మాట వద్దనుకున్నాం కదా, అని మళ్లీ ఒకసారి అన్నాడు.

పెద్దాయన గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఆ మంత్రి ఎంతటోడు?"

ఎంతటివాడో ఆసామి చెప్పాడు. ఆయన కొడుకు జాంగ్ తింగ్‌యూ ఆయన్ని మించాడు. ముగ్గురు చక్రవర్తుల దగ్గర పనిచేశాడు. చింగ్ వంశపు రాజుల పితృదేవతల గుడిలో చోటు దక్కిన హాన్ జాతి మంత్రి ఆయనొక్కడే.

"అంతటోడు తలుచుకుంటే పక్కోడి ఇల్లే లేచిపొయ్యేది."

"అవును."

"అయినా వదిలెయ్యమన్నాడు."

"అవును."

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. బళ్లో పిల్లల గుంపు ఒకటి పసుపు టోపీలు పెట్టుకుని పక్కనుంచి పోయింది. వాళ్లకి దారిచ్చి ఆయన గోడకి ఆనుకున్నాడు. వాళ్లు పోయాక గొంతు సవరించుకున్నాడు.

"అబ్బాయ్, ఈయనకి బలి చక్రవర్తి సంగతి చెప్పు. మూడడుగులు వదలటం మాకు కొత్త కాదు. మీ మంత్రి వదిలింది ఇంటి పక్క జాగా. మావాడు మూడు లోకాలు ఏలినోడు. ఒక పొట్టి బ్రహ్మచారి వచ్చి మూడడుగుల నేల అడిగాడు. గురువు వద్దన్నాడు. వచ్చినోడు మామూలోడు కాదు, మునిగిపోతావన్నాడు. అయినా ఇచ్చాడు. చెప్పు."

కుర్రాడు చెప్పాడు. ఆసామి శ్రద్ధగా విన్నాడు. ఒక ప్రశ్న అడిగాడు.

"తీసుకున్నాయన బదులుగా ఏమిచ్చాడు అంటున్నాడండి."

"మావాడు బదులేమీ అడగలా. బదులడిగితే అది దానం ఎట్టా అవుద్ది? యాపారం అవుద్ది."

ఆసామి తల ఊపాడు. గొప్ప రాజు అన్నాడు.

"ఆ రాజు పుట్టిన దేశం నుంచి వచ్చా నేను," అన్నాడు పెద్దాయన. "అరవైలో ముప్పై వదిలా పో. రాసుకోమను."

ఆసామి పెద్దాయన చేతిని రెండు చేతులతో పట్టుకుని వంగాడు. నిలబడ్డ చోటే ఫోను తీసి వీచాట్‌లో కొత్త రేటు రాశాడు. కుర్రాడు చదివి వినిపించాడు. పెద్దాయన బొటనవేలి బొమ్మ నొక్కాడు. కమాను కింద ఇద్దరూ ఫొటో దిగారు. ఫొటోలో పెద్దాయన కాస్త ఎత్తుగానే కనిపించాడు.

ఆసామి టీ కొట్టు వైపు నడిచాడు. ఆ ఊరి కొండల్లో పండే పచ్చ టీకి మంచి పేరుంది, అతిథికి ఒక పొట్లం ఇవ్వాలన్నాడు. పెద్దాయన, కుర్రాడు సందులో వెనక్కి నడిచారు.

ఏ జాగాలో నిలబడ్డా ఎంతుందో చూసుకోవడం పెద్దాయనకి అలవాటు. గోడౌన్ అయినా, కల్యాణ మండపం అయినా అంతే. సందు మధ్యలో ఆగి రెండు చేతులూ చాపాడు. గోడలు అందలేదు.

"అబ్బాయ్, ఇది మూడడుగులేనంటావా?"

కుర్రాడు గులకరాళ్ల వైపు చూశాడు.

పెద్దాయన భుజం మీది కండువా తీశాడు. మంగళగిరి నేత. కొన్ననాడే కొట్లో మీటరు బద్ద పెట్టించి, రెండు మీటర్లకి అంగుళం తగ్గలేదని చూసుకుని తెచ్చుకున్నది. ఒక కొస కుర్రాడి చేతికిచ్చి ఆ గోడకి ఆనించమన్నాడు. రెండో కొస తను పట్టుకుని ఈ గోడ వరకూ లాగాడు. కండువా బిగుసుకుంది. సరిగ్గా సరిపోయింది. వెనకొచ్చే జనం ఆగిపోయారు. ఇదేదో ఇక్కడి ఆచారం అనుకుని ఒకావిడ ఫొటో తీసింది.

"రెండు మీటర్లు. అంటే ఆరున్నర అడుగులు."

"వాళ్ల అడుగు మన అడుగు కంటే కాస్త పెద్దదండి. వాళ్ల లెక్కన ఆరే."

"మంత్రి వదిలింది?"

"మూడండి."

"మిగతా మూడూ ఎవరియ్యి?"

కుర్రాడు కండువా కొస వదిలి, తిరిగి పట్టుకుని, మడత పెట్టడం మొదలుపెట్టాడు.

"పక్కింటి వూ వాళ్లవండి. మంత్రిగారివాళ్లు గోడ వెనక్కి జరపడం చూసి సిగ్గుపడ్డారు. వాళ్ల గోడా మూడడుగులు జరిపారు. అందుకే దీనికి లియుచి షియాంగ్ అని పేరండి. ఆరడుగుల సందు. చైనాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు."

"నీకు తెలుసా?"

"తెలుసండి."

"మరి నాకు చెప్పలేదేంరా?"

"ఆయన చెప్పలేదండి. ఆయన అన్నది అనడమే నా పని."

పెద్దాయన ఇంకేమీ అనలేదు. కండువా లాక్కుని భుజాన వేసుకుని టీ కొట్టుకి నడిచాడు. ఆసామి పొట్లానికి ఎర్ర కాగితం చుట్టిస్తున్నాడు.

"అడుగు," అన్నాడు పెద్దాయన. "పక్కింటోడు కూడా మూడడుగులిచ్చాడంట కదా. నేను ముప్పై వదిలాను. నీ ముప్పై ఏదీ అని అడుగు."

కుర్రాడు అడిగాడు. ఆసామి మొత్తం విన్నాడు. మొహం మారలేదు. టీ పొట్లం రెండు చేతులతో పెద్దాయన చేతిలో పెట్టాడు. తర్వాత నెమ్మదిగా రెండు ముక్కలు చెప్పాడు.

"ఏమంటాడు?"

"వూ వాళ్లు మూడడుగులు ఇచ్చిన మాట నిజమేనంటున్నాడండి. కాని అది వాళ్ల కథంట. మీరు ముప్పై వదిలింది మన కథ ప్రకారం కదా అంటున్నాడు."